తువ్వాలు కింద ఆగిన మాట

తడిసిన వరిగడ్డి వాసన కొట్లోకి వస్తే నాకు బేరం మీద ధ్యాస పోతుంది. నందిగామ రోడ్డు మీద గడ్డి లారీ ఒకటి వానలో ఆగిందంటే చాలు, ఎదురుగా చీర మడతలు విప్పించుకుంటున్న ఆవిడ అడిగిన ధరకే ఇచ్చేస్తాను. ఈయనకి ఒంట్లో బాగాలేదేమోనని ఆవిడకే అనుమానం వస్తుంది. ఆ వాసన వెంట పొగమంచూ, మువ్వల చప్పుడూ, మంచులోంచి సగమే కనిపించే ఒక మనిషీ వస్తారు. ఆయన కోటయ్య తాత.

డెబ్భైల్లో జగ్గయ్యపేటలో మా పక్కింట్లో ఉండేవాడు. చుట్టం కాదు. సంతల్లో ఎడ్ల బేరాలు కుదర్చడం ఆయన పని. నాకేమో నత్తి. నాన్న పోయాక అమ్మే మా చిన్న కిరాణా కొట్టు చూసుకునేది. ఎప్పటికైనా అందులో కూర్చోవాలని నా ఆశ. మామయ్య ఆ ఆశకు నీళ్ళొదలమన్నాడు.

"అక్కా, వీడు 'ప... ప... పంచదార' అనేలోపు వచ్చినోడు పక్క కొట్లో కొనుక్కుని, ఇంటికెళ్ళి కాఫీ కూడా తాగేస్తాడు. సున్నపురాయి గనిలో పెట్టిద్దాం. రాళ్ళకి జవాబు చెప్పక్కర్లేదుగా!"

అందరూ నవ్వారు. మాట బాగానే పేలిందనిపించి నేనూ నవ్వాను. తర్వాత బియ్యం బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను.

నాన్న బండెడ్లను అమ్మక తప్పలేదు. సంతకు తాత నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. తెల్లవారుజామున ఆ ఎడ్లు కట్టిన బండిలో, మంచుకు తడిసిన వరిగడ్డి మీద కూర్చున్నాను. మంచులో దారి లేదు, మువ్వలే ఉన్నాయి. బండి నడుస్తోందో తేలుతోందో తెలియలేదు.

ఎడ్ల సంతలో ధర పైకి చెప్పరు. పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. పట్టిన వేళ్ళ లెక్కే ధర, అరచెయ్యి నొక్కితే ఒప్పుకున్నట్టు. తాత తన తువ్వాలు నా చేతి మీద కప్పాడు.

"ఎడ్లు మీయి. బేరం నువ్వే ఆడు."

"నా... నాకు..."

"ఇక్కడ నోటితో పనేంట్రా?"

కంచికచర్ల రైతు ఒకాయన నా వేళ్ళు పట్టాడు. మొదటి ధరకు నేను కదల్లేదు. తర్వాతది అమ్మ కోరినదానికి పైనే. ఆ సంబరంలో అరచెయ్యి నొక్కడం మరిచి, నోటితోనే 'సరే' అనబోయాను. 'స' దగ్గర ఆగిపోయింది. మెడ బిగిసింది, కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన నా మొహంలోకి చూసి, "ఓరి నీ మొండితనం పాడుగాను! బుడ్డోడివి కాదురా, బండరాయివి" అంటూ ఇంకో వేలు కలిపాడు. అప్పటికి గుర్తొచ్చి అరచెయ్యి నొక్కాను.

ఖాళీ బండిని సంత దగ్గర తాతకు తెలిసినవాళ్ళింట్లో వదిలి బస్సెక్కాం. దారిలో తాతకు జరిగింది చెప్పబోయాను. "నేను స... స..." అలాంటప్పుడు ఎవరైనా ఆ మాట అందించేసి ముందుకు పోతారు. తాత అందించలేదు. కిటికీ బయట పొలాలు సాయంత్రపు ధూళిలో కరిగిపోతున్నాయి. ఆయన మాత్రం నన్నే చూస్తూ కూర్చున్నాడు, బస్సుకు ఇక చేరాల్సిన ఊరే లేనట్టు.

"...సరే అనబోయా తాతా!"

పగలబడి నవ్వాడు. "ఇవాళ కలిసొచ్చింది. రోజూ రాదు. నీ మాట నువ్వే పూర్తిచెయ్యాలి. వినేవాడు తొందరపడితే పడనీ, నువ్వు పడబాకు."

ఇంటికి రాగానే మామయ్యను పట్టుకున్నాడు. "పెద్ద రైతుతో ధర పెంచించినోణ్ణి రాళ్ళు మొయ్యమంటావా? నీకు బేరం తెలీదయ్యా."

అమ్మ నన్ను కొట్లో కూర్చోబెట్టింది. 'పంచదార' అనే మాట లొంగడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా అడిగినవాళ్ళందరికీ బెల్లం అంటగట్టాను. లొంగని ప్రతి మాటకూ మామయ్య నవ్వు గుర్తొచ్చేది. ఇంకోసారి ప్రయత్నించేవాణ్ణి.

ఎనభైల్లో నేను నందిగామలో బట్టల కొట్టు తెరిచేనాటికి తాత లేడు. నత్తి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పైసా దగ్గర కూడా వెనక్కి తగ్గడని నాకు పేరు. కానీ ఎవరైనా నా ముందు మాట కోసం తడుముకుంటే చేతిలో పని ఆపేస్తాను. ఆ మాటేమిటో చాలాసార్లు నాకు ముందే తెలుస్తుంది. అయినా అందివ్వను. అది వాళ్ళది.