మసేను పేరు చెప్పారని రాసిన వార్త

2022 డిసెంబరు. విశాఖపట్నంలో ఒక దినపత్రికకు అప్పటికి పాతికేళ్లుగా సాంస్కృతిక వార్తలు రాస్తున్నాను. బీచ్‌రోడ్డు పక్క మైదానంలో ఒక పేరున్న సినీ గాయకుడి కచేరీ పెట్టారు. ఆయన పేరు రాయను. ఆయన గొంతంటే నాకు చాలా ఇష్టం. ఆ ఏడాది పెళ్లి ఊరేగింపుల్లో, ఆటోల్లో, కాలేజీ వేడుకల్లో ఆయన పాట ఒకటి తెగ మోగింది.

ఆ పాట విశాఖ పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న యారాడ అనే పల్లెలో పుట్టింది. పెద్దవల ఒడ్డుకు లాగేటప్పుడు పాడుకోవడానికి మసేను అనే మత్స్యకారుడు కట్టాడు. ఆయన పోయాక కూతురు నూకరత్నం పాడుతూ వచ్చింది. సంగీతం వాళ్లమని చెప్పి ఎవరో ఇద్దరు వచ్చి ఆమె పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లారు. తర్వాత ఆమె అదే పాటను ఈ గాయకుడి గొంతులో ఆర్టీసీ బస్సులో, చేపల తట్ట పక్కన పెట్టుకుని వింది.

కచేరీకి రెండు వారాల ముందు ఈ సంగతి పత్రికలో రాశాను. వెంటనే నిర్వాహకులు ఫోన్ చేశారు. ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతామని, పాట ఎవరిదో గాయకుడే చెబుతారని అన్నారు. ఆ మాట చెప్పడానికి యారాడ వెళ్లేసరికి నూకరత్నం ఎండుచేపలు తిరగేస్తోంది.

"శాలువా నానేటి సేసుకుంతాను బాబూ? ఈ సేపల మీద కప్పుకోడానికా? మా అయ్య పేరు సెప్పమను. మైకులో ఒక్కపాలి సెప్తే సాలు" అంది.

ఇక్కడ మా పనిలో ఒక అలవాటు గురించి చెప్పాలి. జిల్లా పేజీలు ఎనిమిదిన్నరకే ముగిస్తారు. కచేరీలేమో ఎప్పుడూ ఆలస్యమే. అందుకని కార్యక్రమ పత్రం చూసి, జరగబోయేదాన్ని జరిగినట్టే రాసి సాయంత్రమే డెస్కుకు, అంటే వార్తలు దిద్ది పేజీ పెట్టే విభాగానికి, పంపేస్తాం. దాన్ని అడ్వాన్స్ కాపీ అంటారు. తేడా వస్తే ఫోన్ చేసి మార్పిస్తాం. ప్రేక్షకులు ఇంకా ఇళ్ల దగ్గర బయలుదేరకుండానే వాళ్లు మైమరచిపోయారని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

ఆ రోజు కూడా ఐదింటికి రాసి పంపాను. నూకరత్నాన్ని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఆమె తండ్రి మసేను పేరు చెప్పి, ఆ పాటకు వచ్చిన గౌరవాన్ని గాయకుడు ఆయనకు అంకితం చేశారని అందులో ఉంది.

ఎనిమిదీ ఇరవైకి ఆ పాట వంతు వచ్చింది. నూకరత్నం రెండో వరసలో, నా పక్క కుర్చీలో కూర్చుంది. గాయకుడు సముద్రం వైపు చెయ్యి చూపించి, "ఈ పాట నాకు మీ వైజాగ్ సముద్రం ఇచ్చింది" అన్నాడు. మైదానం హోరెత్తింది. ఆమె సగం లేచింది. పాట మొదలయ్యాక మళ్లీ కూర్చుంది.

అప్పుడే ఫోన్ చేసి ఉంటే ఆ వాక్యం తీసేసేవారు. నేను పాట విన్నాను. ఆయన అద్భుతంగా పాడాడు. రెండో చరణంలో తడిసిన వల బరువంతా ఆ గొంతులో వినిపించి ఒళ్లు జలదరించింది. చప్పట్లు ఆగాక గానీ నాకు డెస్కు గుర్తు రాలేదు. ఫోన్ చేస్తే డెస్కు ఇన్‌చార్జి ఒకటే మాట అన్నాడు: "పేజీ వెళ్లిపోయింది బావా."

మర్నాడు యారాడ టీ బడ్డీలో పత్రిక చదివిన ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారట. "ఏటే రత్నం, శాలువా సూపియ్యవా? మా దగ్గర దాసేత్తన్నావేటి?" అని ఎకసెక్కాలు. నూకరత్నం నాకు ఫోన్ చేసింది.

"నీకు సెవులు లేవా బాబూ? నా పక్కనే ఉన్నావు గదా."

సవరణ వేయమని ఇన్‌చార్జిని అడిగాను.

"తిట్టి రాస్తే సవరణ వేస్తాం గానీ, పొగిడినదానికి ఎవడైనా వేస్తాడా? ఇంతకీ కంప్లైంట్ ఎవరు చేశారు?"

"నేనే."

పెద్దగా నవ్వి, టీ తాగుదాం రమ్మన్నాడు.

వేసవిలో మల్కాపురంలో ఉండే ఒక లాయరమ్మ సాయంతో నూకరత్నం ఆడియో సంస్థకు ఉత్తరం పెట్టించింది. పాట రచయితగా మసేను పేరు వేయమని అందులో కోరింది. తగిన గౌరవం ఇప్పటికే బహిరంగంగా దక్కిందని, స్థానిక పత్రికే ఆ సంగతి రాసిందని వాళ్లు జవాబిచ్చారు. దానికి నా వార్త క్లిప్పింగ్ జతచేశారు.

ఆ వార్త తప్పని పత్రిక లెటర్‌హెడ్ మీద రాసిమ్మని లాయరమ్మ అడిగింది. యాజమాన్యం ఒప్పుకోలేదు. నేనే తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి తీసుకెళ్లాను. నూకరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అబద్దమేమో అచ్చులో వొచ్చింది. నిజం తెల్లకాయితం మీదొచ్చింది. దీన్నెవుడు నమ్ముతాడు బాబూ?"

ఎవరూ నమ్మలేదు. ఆ కాగితానికి సంస్థ నుంచి జవాబే రాలేదు.

తర్వాత నేను అడ్వాన్స్ కాపీ రాయడం మానేశాను. నా వార్తలు ఒక రోజు ఆలస్యంగా వస్తున్నాయని ఇన్‌చార్జి ఇప్పటికీ సణుగుతాడు. చెడ్డగా రాస్తే ఎవరో ఒకరు కొట్లాటకు వస్తారు. మర్యాదగా రాసిన అబద్ధం జోలికి ఎవరూ రారు. అసలు మనిషి నోరు మూయించడానికి అది సాక్ష్యమై కూర్చుంటుంది. ఆ గాయకుడి గొంతు మీద ఇష్టం చంపుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. ఆ పాట కింద రచన అన్నచోట ఈ రోజుకీ జానపదం అనే ఉంది.