ఏటవాలుగా వచ్చిన మబ్బుల బొమ్మ

అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. పోర్ట్ బ్లెయిర్‌లో వాతావరణం చూసే ఒక చిన్న ఆఫీసులో నేను రేడియో టెక్నీషియన్‌ని. శాటిలైట్ మా నెత్తిమీదుగా పోతూ పంపే మబ్బుల బొమ్మను పట్టే రిసీవర్, దాన్ని గీత వెంట గీతగా కాగితం మీదికి దించే రికార్డర్ మాకు కొత్తగా వచ్చాయి. రెండూ ఒక అగ్రరాజ్యం సరుకే.

ఒక్క బొమ్మయినా రాకముందే రిసీవర్‌లో ఒక కార్డు, అంటే భాగాలన్నీ అతికించిన పలక, కాలిపోయింది. ఇంకొకటి పంపమంటే, దాన్ని సైన్యానికి వాడతామేమోనని ఆ దేశం అనుమానపడి ఇవ్వలేదు. దానితో పోటీపడే రెండో అగ్రరాజ్యం ఏకంగా సెట్టే ఇస్తానంది, కానీ తన మనుషులు మా గదిలో కూర్చోవాలట. వాళ్లిద్దరి పంతాల మధ్య మా యంత్రం మూలన పడింది.

శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి మా ఊరి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డ నూకరాజు రోజూ వచ్చి ఆరా తీసేవాడు. అతని రెండు పడవలు దూరం చేపల వేటకు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని మీద అతని తమ్ముడే వెళ్లాలి.

"బాబూ, తుఫాన్ లేదని మీరు పక్కా సెప్తేనే ఎల్తాం. బొమ్మ ఎప్పుడొత్తాది?"

అప్పుడు హసన్ గుర్తొచ్చాడు. ఇండోనేషియావాడు. సుమత్రా కొసన ఒక దీవిలో మాలాంటి ఆఫీసే అతనిది, రిసీవరూ అదే రకం. ట్రైనింగులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నాం. ఆఫీసుల ద్వారానే అడిగాం. కార్డు ఓడలో వచ్చింది.

బిగించాను. బొమ్మ వచ్చింది, కానీ ఏటవాలుగా. మబ్బులన్నీ ఒక మూలకు జారిపోయాయి. నాలుగు రోజులు కుస్తీ పట్టి, హసన్ పాడైన కార్డు అంటగట్టాడని తేల్చేసుకున్నాను. రెండు ఆఫీసుల మధ్య నడిచే రోజువారీ రేడియో సందేశంలో ఆ మాట కాస్త ఘాటుగానే పంపాను.

మర్నాడు జవాబు వచ్చింది. "కార్డు మంచిదే. మీ కరెంటు డీజిల్ ఇంజనుదా?"

తప్పెక్కడుందో అర్థమై సిగ్గేసింది. రికార్డర్ మోటారు తిరిగే వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. ఆ వేగం తప్పితే ప్రతి గీతా కాస్త పక్కకు జరిగి బొమ్మ వాలిపోతుంది. మా పవర్‌హౌస్ ఇంజన్లు ఎప్పుడూ ఒక తీరున నడవవు. అబర్డీన్ బజార్లో దీపాలు వెలిగితే చాలు, మరీ నెమ్మదిస్తాయి. మాన్యువల్ రాసినవాళ్లకు ఇలాంటి ఊరొకటి ఉంటుందన్న ఊహే లేదు. హసన్‌ది కూడా డీజిల్ దీవే. మోటారును బ్యాటరీల మీద నిలకడగా నడిపే చిన్న సర్క్యూట్ ఎలా కట్టుకోవాలో రెండు సందేశాల్లో చెప్పాడు.

ఈసారి బొమ్మ తిన్నగా వచ్చింది. దక్షిణాన మబ్బులు సుడి తిరుగుతున్నాయి. నూకరాజు పక్కనే ఉన్నాడు. పడవలు కదపొద్దని చెప్పి, బొమ్మ వచ్చిందని హసన్‌కి తెలిపాను. అతని జవాబు ఇది: "గాలికి మా యాంటెన్నా ముందే కూలిపోయింది. అందుకే మా రిసీవర్‌లోని కార్డు తీసి మీకు పంపాం. తొందరపెట్టినట్టు ఉంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. బొమ్మలో ఏముందో మాకూ చెప్పండి. మా పడవలు కూడా ఆగి ఉన్నాయి."

నూకరాజుకు చదివి వినిపించాను. బొమ్మ వివరాలు రాయడానికి నేను తీసిన ఆఫీసు రిజిస్టర్‌ను అతను పక్కకు జరిపాడు.

"మనకోసం ఆళ్లు కూకున్నారేటి? ముందు ఆళ్లకి సెప్పండి బాబూ, రిజిస్టర్ తరవాత రాసుకుందురు."

అలాగే చేశాను. యంత్రాన్ని అనుమానించడం టెక్నీషియన్ పని. మనిషిని అనుమానించడం, మాకు కార్డు ఇవ్వనివాళ్లు చేసిన పని. ఆ నాలుగు రోజులూ నేను చేసింది రెండోదే.