ఎర్రదారం మీరే తెంచుకోవాలి

పోయిన వారం మా అక్క కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చొక్కా పొడుగైందని నా దగ్గరికి తెచ్చాడు. ప్లాస్టిక్ సంచి చింపగానే గంజివాసన వచ్చింది. అలవాటు కొద్దీ కాలరు లోపల వేలు పెట్టాను. పేరున్న కంపెనీ లేబులు. దాని అంచు పక్కనే, పాత కుట్టు ఊడదీసిన సన్నని రంధ్రాలు వేలికి తగిలాయి. చంక దగ్గర నేత కూడా జారింది. ఫ్యాక్టరీలో పక్కన పడేసిన చొక్కాకు ఎవరో వేరే పేరు కుట్టి పంపారు. ఆ రంధ్రాలను పసిగట్టడం నా వేలికి నేర్పిన సుబ్బయ్యశెట్టిగారు చనిపోయి నాలుగు నెలలైంది.

ఆత్మకూరులో ఆయనది ఇరుకైన అంగడి. బళ్ళారి, బెంగళూరు ఫ్యాక్టరీలు పనికిరావన్న బట్టలను మూటలుగా తెచ్చి, 'సెకండ్స్' అని బోర్డు మీద రాసి మరీ అమ్మేవారు. నేను అక్కడ మిషను కుట్టేదాన్ని. మూట విప్పాక మొదటి పని లోపాలు వెతకడం. ప్రతి లోపం దగ్గరా ఒక ఎర్రదారం పోగు వేయాలి. కొనేవాళ్ళు దాన్ని తమ చేత్తో తెంచితేనే ఆయన బట్ట మడిచి ఇచ్చేవారు. ఒకసారి ఒక రైతు విసుక్కున్నాడు.

"నువ్వే తెంచియ్యప్పా, నాకెందుకు ఈ పని?"

"నేను ముందే చూసినా. ఇప్పుడు నువ్వు చూడాల."

"పిల్లనిచ్చేటోళ్ళు గూడా ఇన్ని వంకలు ముందే చెప్పరు గదప్పా!" అని నవ్వి ఆ రైతు దారం తెంచాడు.

ఊళ్ళో నెట్ సెంటర్లు వచ్చిన రోజులవి, రెండువేల ఎనిమిదో తొమ్మిదో. ఆదోని నుంచి వెళ్ళి బెంగళూరులో స్థిరపడిన ఒక వ్యాపారి అంగడికి వచ్చాడు. చేతిలో పేరున్న కంపెనీల లేబుళ్ళ చుట్ట ఉంది.

"ఇవి కుట్టిచ్చు శెట్టీ, నెట్‌లో నేనమ్ముకుంటా. శానా దుడ్లు వస్తాయి. కొనేవాడు చూసేది యాడ, ముట్టుకునేది యాడ?"

"అందుకే వద్దంటాండా. ముట్టుకోలేనోనికి నేను చెప్పకుంటే ఇంకెవరు చెప్తారు?"

ఆ వ్యాపారి తర్వాత మా ఇంటికి వచ్చాడు. అప్పటికి నాకు సొంతానికి కరెంటు మిషను కొనాలని ఆశ. ఇంట్లో అమ్మ కాలితో తొక్కిన పాత మిషను మాత్రమే ఉంది. అతను వేరేచోట కొని తెచ్చిన అరవై సెకండ్స్ చొక్కాలకు, ఆదివారం చర్చి నుంచి వచ్చి, దొంగ లేబుళ్ళు కుట్టాను. శెట్టిగారికి చెప్పలేదు.

నెల తిరగకముందే వ్యాపారి ఆ చొక్కాల మూట తెచ్చి అంగడిలో విసిరాడు.

"నా పొట్ట మీద కొడతావా శెట్టీ? మడతలు విప్పి చూడకుండానే పంపితి, కొన్నోళ్ళంతా తిప్పి పంపిస్తాండారు. తప్పు యాడుందో వెతికే పని గూడా లేకుండా ఎర్రదారం వేయించినావే!"

శెట్టిగారు ఒక చొక్కా తిరగేశారు. జేబు కింద ఎర్రదారం. ఇంకొకటి తీశారు. భుజం దగ్గర ఎర్రదారం. లోపం వేలికి తగిలిన ప్రతిచోటా, నాకు తెలియకుండానే, ఏడేళ్ళ అలవాటుతో పోగు వేసేశాను.

"ఎవరు కుట్టినారు మేరమ్మా?"

"నేనే శెట్టిగారూ. అరవై."

నా కత్తెర సంచిలో వేసుకుని లేచాను.

"యాడికి పోతాండావు?"

"ఇంక పనిలో ఉంచుకోరు కదా."

ఆయన చేతిలోని చొక్కా మడిచి పక్కన పెట్టారు. "నీ చెయ్యి అబద్ధమాడలేదు, నువ్వాడినావు. చెయ్యి ఈడే ఉంటాది. దాంతోపాటు నువ్వుంటావో లేదో చూసుకో" అన్నారు.

నేను ఉండిపోయాను. వదిలించుకుంటే చాలనుకున్న వ్యాపారి దగ్గర ఆ మూట ఆయనే కొన్నారు. లేబుళ్ళన్నీ నా చేతే ఊడదీయించి, మళ్ళీ ఎవరూ కుట్టకుండా ఒక్కొక్కటీ అడ్డంగా కోయించారు. ఆ పని సాగిన రెండు రోజులూ నేను నెట్‌ను తిడుతూనే ఉన్నాను.

"దాన్నేంటికి తిడతావు, అదీ ఒక అంగడే" అన్నారాయన. "దారం కనపడేట్టు ఫొటో తీయించు. ఇంటికి పోయినాక తెంచుకుంటారు."

ఫొటో స్టూడియో వాళ్ళ కెమెరాతో తీయించి, నెట్ సెంటరులో కూర్చుని పెట్టించాం. ఇరవై రోజులు ఎవరూ పలకలేదు. తర్వాత ఎక్కడో విశాఖపట్నం నుంచి ఒకావిడ అడిగారు: "ఎర్రదారం ఒకటేనా, ఇంకా ఉన్నాయా?" రెండున్నాయని చెప్పి, రెండో ఫొటో పంపాం. కొన్నారు. మరుసటి నెల, అలాంటివే ఇంకో మూడు కావాలన్నారు. శెట్టిగారు ఆ సంగతి అంగడికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పారు.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు కుడుతున్నారు. పనిలో చేరిన రోజే ప్రతి ఒక్కరికీ ఒక ఎర్రదారం ఉండ ఇస్తాను.

అక్క కొడుకు చొక్కా పొట్టి చేయలేదు. చంక దగ్గర ఒక పోగు, లేబులు పక్కన ఒక పోగు వేసి చేతికిచ్చాను.

"కురచ చెయ్యమంటే ఇదేంది చిన్నమ్మా?"

"ముందు చూడు. ఉంచుకుంటావో తిప్పి పంపుతావో చూసినాక చెప్పు."

వాడు చొక్కా పట్టుకుని వాకిట్లో వెలుతురులోకి వెళ్ళాడు. తెంచడానికి తొందరపడలేదు. ముందు వేలితో తడిమి చూశాడు.