సైదులు తుపాకి చెక్క కోసిన రోజు

2022 దసరా ఇంకా కొద్ది రోజులుందనగా జరిగిన సంగతి ఇది. సూర్యాపేటలో బస్టాండుకు దగ్గర్లోని ఒక సందులో మా దుకాణం. మా నాన్న పెట్టింది. లైసెన్సు ఉన్నవాళ్లకు తుపాకులు అమ్ముతాం, బాగుచేస్తాం. తుపాకుల దుకాణం అనగానే జనం సినిమాలు ఊహించుకుంటారు గానీ, మా గడప తొక్కేది బ్యాంకు గార్డులు, రైసు మిల్లుల కాపలావాళ్లు, అడవి పందులతో వేగలేక లైసెన్సు తెచ్చుకున్న ఒకరిద్దరు రైతులు, అంతే. కొత్తవి అమ్మేది తక్కువ, పాతవి బాగుచేసేది ఎక్కువ.

దసరా వెళ్లిన వారం మాకు పంట చేతికొచ్చే వారం. ఆయుధపూజ అని తుపాకికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు నాళి మీదే పోస్తారు. తుడవడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ తుప్పంతా నా దగ్గరికి వస్తుంది. పూజ చేసుకోండి, నీళ్లు మాత్రం పోయకండి అని చెప్పడానికి నాకు నోరు రాదు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కొబ్బరినీళ్ల పుణ్యానే.

అలా తుప్పు పట్టని తుపాకి నాకు తెలిసి ఒక్కటే ఉండేది. అది సైదులుది. పాలకీడు దగ్గరి పల్లె ఆయనది. సైన్యంలో పనిచేసి వచ్చి, మిర్యాలగూడలో ఒక బ్యాంకుకు గార్డుగా చేరాడు. పూజ అయిన వెంటనే తుపాకిని పొడి గుడ్డతో తుడిచి, నూనె రాసి, ఆ తర్వాతే తాను అన్నానికి కూర్చునేవాడట.

ఆ తుపాకి గురించి కాస్త చెప్పాలి. అది డబుల్ బ్యారల్. అంటే పక్కపక్కనే రెండు నాళులుండి, మధ్యకు విరిచి తూటాలు పెట్టుకునే రకం. సైదులు దాన్ని ఒక ముసలి వకీలు దగ్గర కొన్నాడు. వెనకవైపు చెక్కను మేము స్టాక్ అంటాం. దాని స్టాక్ అక్రోటు కర్ర. గోధుమరంగు మీద నల్లని చారలు పొగలాగా మెలికలు తిరిగి ఉండేవి. ఇనుము మీద రెండు కౌజు పిట్టలు చెక్కి ఉండేవి. ఒకటి గింజలు ఏరుకుంటూ ఉంటుంది, రెండోది తల తిప్పి ఎవరో వస్తున్నారని చూస్తూ ఉంటుంది. పిట్టల్ని కొట్టే తుపాకి మీద పిట్టల్ని అంత ముద్దుగా చెక్కిన మనిషి ఎవరో గానీ, ఆయన మీద నాకు ఎప్పుడూ ప్రేమే.

ఇప్పుడొచ్చేవి చూడండి. నల్ల ప్లాస్టిక్కు, నల్ల ఇనుము. అచ్చులో పోసి తీస్తారు. ఒకదానికి పక్కన ఇంకోటి పెడితే ఏది ఎవరిదో నంబరు చూస్తే గానీ తెలియదు. వానకు తడిసినా, కొబ్బరినీళ్లు పోసినా వాటికేమీ కాదు. నా పొట్ట కొట్టడం తప్ప వాటిలో ఇంకో దోషం లేదు, పనితనంలో వంక పెట్టను. కానీ చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాకపోవడం అనేది ఒకటుంటుంది కదా, అది మాత్రం వాటిలో లేదు. ఈ మాట నేను వచ్చిన ప్రతివాడికీ చెప్పి విసిగిస్తుంటాను.

ముందటి ఏడు ఎండాకాలంలో సైదులు గుండెపోటుతో పోయాడు. లైసెన్సుదారు చనిపోతే తుపాకి ఇంట్లో ఉండకూడదు. పోలీస్ స్టేషన్లోనో, మాలాంటి దుకాణంలోనో డిపాజిట్ చేయాలి. వారసులు లైసెన్సు తెచ్చుకుంటే వాళ్ల చేతికిస్తాం, లేదంటే లైసెన్సున్న వేరేవాళ్లకు అమ్ముకోవాలి. సైదులు భార్య లచ్చమ్మ దాన్ని మా దగ్గరే పెట్టింది. నేను చెప్పే ఈ దసరా ముందు రోజుల్లో, కూతురు స్వరూపను వెంటబెట్టుకొని మళ్లీ వచ్చింది.

"దండం అన్నా. ముందుగాల దాన్ని సూపియ్యి," అంది లచ్చమ్మ, కుర్చీలో కూర్చోకుండానే.

తెచ్చి బల్ల మీద పెట్టాను. దాని మీద దుమ్ము ఎక్కడా లేదు. అయినా కొంగుతో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తుడిచింది.

"లైసెన్సు నా పేరు మీదొచ్చింది మామా," అంది స్వరూప. "నాయిన జేసిన బ్యాంకులనే లేడీస్ గార్డు కావాల్నంట. సోమారం గార్డుల ఏజెన్సీ సారొస్తడు. తుపాకి లేపి భుజానికి పెట్టి సూపియ్యాలె. సక్కగ పట్టరాకపోతె నౌకరి ఇంకొకలకిస్తరు."

"కోదాడ బట్టల షాపుల జేస్తుంటివి గద బిడ్డా?"

"పొద్దుందాక నిలబడుడే మామా. గిరాకీ లేకున్నా కూసోనియ్యరు. కాళ్లు వాస్తున్నయ్. బ్యాంకుల జర కుర్సన్న ఏస్తరు."

మా పనిలో ఒక పాత కొలత ఉంది. మోచేయి మడిచి, ఆ మడతకు స్టాక్ చివర ఆనించి పట్టుకుంటే, చూపుడువేలు ట్రిగర్ మీదికి హాయిగా రావాలి. ట్రిగర్ నుంచి చెక్క చివరిదాకా ఉన్న ఈ దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. సైదులు తాడిచెట్టంత మనిషి, తుపాకి ఆయనకు సరిగ్గా ఉండేది. స్వరూప తల్లి పోలిక. వేలు ట్రిగర్‌కు రెండు వేళ్ల వెడల్పు దూరంలోనే ఆగిపోయింది. భుజానికి ఎత్తమంటే చెక్క చంకలో తట్టుకుంది. ఎలాగో పైకి లాగి నడుము వెనక్కి వంచి నిలబడింది. లచ్చమ్మకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కూతురి మొహం చూసి ఊరుకుంది.

అలమారాలోంచి కొత్తరకం నల్లది ఒకటి తీసి ఇచ్చాను. దాని స్టాక్ లోపలికీ బయటికీ జరుగుతుంది. స్వరూప కొలతకు జరిపి ఇస్తే ఒక్క ఊపులో ఎత్తింది. నా నోటితో నేను ఒప్పుకోకూడదు గానీ, చక్కగా సరిపోయింది.

"గిదేందే, మందు గొట్టే పంపు లెక్కుంది," అంది లచ్చమ్మ.

"నేను ఎన్నేండ్ల సందో గదే మొత్తుకుంటున్న చెల్లె!" అన్నాను సంతోషం పట్టలేక.

"మంచిగనే ఉంది గదనే," అంది స్వరూప. "అల్కగున్నది, బరువు లేదు. బ్యాంకుకొచ్చెటోల్లు పైసల కోసమొస్తరు గని తుపాకి మీద పిట్టల్ని సూడనీకి వస్తరా?"

అయితే కొత్తది కొనాలంటే పాతది అమ్మాలి, వాళ్లకు ఇంకో దారి లేదు. హైదరాబాదులో పాత తుపాకులంటే ప్రాణం పెట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. సైదులు తుపాకిని ఒకసారి మా దగ్గర చూసి, అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఆయన కొంటే గాజు బీరువాలో పెడతాడు, దాని మీద గీత కూడా పడదు. నాకు అదే మంచిదనిపించి వాళ్లకు ఆ మాటే చెప్పాను.

లచ్చమ్మ తుపాకి మీది పిట్టల్ని వేలితో తడిమింది. "బీరువల పెడితె మరి దాన్ని ఎవలు పట్టుకుంటరన్నా?"

"ఎవ్వలు పట్టుకోరు. సూస్తరు."

"గదేం బతుకన్నా దానికి? ఇంకో తొవ్వ లేదా?"

ఉంది. చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా అడిగింది కాబట్టి చెప్పాను. స్టాక్ వెనక భాగం కోసి స్వరూప చేతికి సరిపడా పొట్టి చేయొచ్చు. "గని నేను కొయ్య చెల్లె. అసొంటి కర్ర ఇప్పుడు దొర్కది. ఒక్కసారి కోస్తె మల్ల అతుకుపెట్టినా ఎనకటి లెక్క గాదు. నువ్వు ఇంకెవల్నన్న అడుగు."

లచ్చమ్మ బతిమాలుతుందనుకున్నాను. ఆమెకంటే ముందు స్వరూప అందుకుంది. "వద్దు మామా. నాయిన దాన్ని పసిపిల్ల లెక్క సూసుకునేటోడు. నా కోసం దాన్ని కోసుడేంది? గాయనకే అమ్ముండ్రి. యాడనో ఒక తాన నిండుగ ఉంటది." ఆ మాటన్నప్పుడు తుపాకి వైపు చూడలేదు, గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ అంది. నల్లది బాగుందని ఆ పిల్ల అంతగా ఎందుకు మెచ్చుకుందో నాకప్పుడు అర్థమైంది. తన కోసం తండ్రి వస్తువు మీద రంపం పడుతుందేమోనని ఆమెకు ముందే భయం.

లచ్చమ్మ లేచి కూతురి గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది.

"ఓసి పిచ్చిదానా. నిన్ను బడిల ఏసిన ఏడు మీ నాయిన మిలిట్రీ అంగి కోసి నీకు గౌను కుట్టిచ్చిన. యాదికుందా? ఆయన సెలవుకొచ్చిండు. తిడ్తడని నేను పరేషానైతున్న. అంగేదని అడిగిండా? నిన్ను భుజం మీదెక్కిచ్చుకొని ఊరంత తిప్పిండు. గా అంగి ఖతమైందా మరి? నీ ఒంటి మీదుండె."

తర్వాత నా వైపు తిరిగింది. "కొయ్యన్నా. నేను పట్టుకుంట."

తుపాకి ఖాళీగా ఉందో లేదో అలవాటుగా చూసి, నాళులు విప్పి పక్కన పెట్టాను. చెక్కను గుడ్డలో చుట్టి బల్లకు బిగించాను. అంచు పెచ్చు లేవకుండా టేపు చుట్టి గీత గీశాను. చెక్క బిగించాక ఎవరూ పట్టుకోవలసిన పని ఉండదు. అయినా లచ్చమ్మ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

రంపం గీత మీద పెట్టి, తీసి, మళ్లీ కొలిచి చూసుకున్నాకే మొదటిసారి లాగాను. ఎన్నో తుపాకులు విప్పాను, ఎన్నో చెక్కలు కోశాను, ఏ గీత దగ్గరా అలా ఆగలేదు. సగందాకా వచ్చాక కమ్మని వాసన వచ్చింది. అన్నేళ్ల కిందట కొట్టిన చెట్టు లోపల ఇంకా పచ్చిగానే ఉందేమో అనిపించింది. చెక్క తెగి లచ్చమ్మ చేతిలో పడింది. భుజానికి ఆనీ ఆనీ అంచులు అరిగిన ముక్క అది. ఆమె దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి కొంగున ముడేసుకుంది. ఏడవలేదు. నేనే కళ్లజోడు తుడుచుకునే వంకతో అటు తిరిగాను.

చివర నున్నగా రుద్ది, రబ్బరు ప్యాడ్ బిగించి, కోసిన చోట అవిసెనూనె అరచేత్తో పట్టించేసరికి సాయంత్రమైంది. నాళులు మళ్లీ ఎక్కించి స్వరూప చేతికిచ్చాను. ఎత్తింది. ఎక్కడా తట్టుకోకుండా, నడుము వంగకుండా తుపాకి వచ్చి భుజంలో కుదురుకుంది.

కానీ ఆ పిల్ల మెడ ముందుకు సాచకుండా వెనక్కి లాక్కుంటోంది. ఎందుకో చూస్తే తెలిసింది. గురి చూసేటప్పుడు చెంప చెక్కకు ఆనుతుంది. సైదులు చెంప ఆనిన చోట కర్ర నల్లబడి, నున్నబడి, చిన్న మచ్చ ఏర్పడింది. చెక్క పొట్టిదయ్యాక స్వరూప చెంప సహజంగా దానికి కొంచెం ముందు పడుతోంది. ఆమె మాత్రం ఎలాగైనా ఆ మచ్చ మీదే చెంప ఆనించాలని తంటాలు పడుతోంది. అలా పడితే గురి కుదరదు. ఆ మాట చెబుదామని దగ్గరికి వెళ్లాను.

లచ్చమ్మే చెప్పింది. "అది మీ నాయిన జాగ బిడ్డా. ఆయనకే ఉండనియ్యి. నీ మొకం యాడికొస్తె గాడనే పెట్టు."

స్వరూప మెడ వదులు చేసింది. చెంప వచ్చి మచ్చకు ముందు, కొత్త చోట ఆనింది.

సోమవారం ఆమెకు నౌకరీ ఖాయమైంది. నేను కొత్త తుపాకుల్ని తిట్టడం మానలేదు, ఆ రోగం నాకు పోయేది కాదు. కాకపోతే తుపాకి అందమంతా కర్రలో, చెక్కిన మనిషి చేతిలో ఉందనుకునేవాణ్ని. అందుకే గాజు బీరువాలోకి పంపాలని చూశాను. పట్టుకునే మనిషి లేకపోతే ఆ అందం అక్కడితో ఆగిపోతుందని లచ్చమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ఈ మధ్య స్వరూప తుపాకికి నూనె పెట్టించడానికి వచ్చింది. వెలుతురులో పట్టి చూశాను. సైదులు మచ్చకు కొంచెం ముందు, చెక్క రంగు మారడం మొదలైంది. ఆ చోట నేను గుడ్డ గట్టిగా రుద్దలేదు.