గిద్దెడు పంజా పుంటి

శామీర్‌పేట చెరువు దాటి, కరీంనగర్ రోడ్డు మీద కొంత దూరం పోయి మట్టిబాటలోకి తిరిగితే మరియమ్మ ఇల్లు వస్తుంది. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో తిరిగివచ్చింది లేదు. మాట పడకుండా తిరిగివచ్చిందీ లేదు. చిక్కుడు గింజలు పొట్లం కట్టి చేతిలో పెడుతూనే, "పోయినేడు ఇచ్చినయి ఏం జేసినవ్? వండుకొని తిన్నవా?" అని అడిగే మనిషి. వయసు అరవై మూడు. మోకాళ్ళకు నొప్పులున్నాయి గాని నోటికి ఏ నొప్పీ లేదు.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలు. భర్త జక్కయ్యతో పాటు తోటల్లో కూలికి పోయేది. తీగల్ని పందిరికి కట్టడానికి నార కావాలి. ఆ నార అత్త శాంతమ్మకున్న మెట్టనేల చెలకలోంచే వచ్చేది. గోంగూరను ఇక్కడ పుంటికూర అంటారు. శాంతమ్మ వేసే పుంటికూర వేరే జాతి. ఆకు చాచిన అరచేయిలా వేళ్ళు వేళ్ళుగా చీలి ఉంటుంది, కాడ నిలువెత్తు పెరుగుతుంది, ఒంటినిండా నూగుముళ్ళు. పంజాలాంటి ఆకు కాబట్టి పంజా పుంటి అన్నారు. లేత ఆకు పులుసుకు, ముదిరిన కాడ నీళ్ళలో నానేస్తే నారకు. పోయేముందు శాంతమ్మ ఎండిన సొరబుర్ర నిండా ఆ గింజల్ని కోడలి ఒళ్ళో పెట్టి, "బంగారం పోతే కొనుక్కుంటవ్ బిడ్డా. గిది పోతే యాడ దొర్కది" అంది.

తర్వాత ద్రాక్షతోటలు పోయాయి, వాటి చోట వెంచర్లు వచ్చాయి. జక్కయ్యా పోయాడు. మరియమ్మకు పది గుంటల చెలక మిగిలింది, దానికి మూడు దిక్కులా ప్రహరీ గోడలు లేచాయి. కూతురు ఏంజెల్ చదువుకుని తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం సంపాదించింది. పొద్దున్నే కంపెనీ క్యాబు మట్టిబాట మొదట్లో ఆగి హారన్ కొడుతుంటే మరియమ్మకు కడుపు నిండినట్టుండేది.

పాత గింజలు ఒక్కొక్కటే మాయమైపోతుంటే చూడలేక, పదమూడేళ్ళ కింద చర్చిలో ఆడవాళ్ళను పోగేసి విత్తనాల సంఘం పెట్టింది మరియమ్మే. డబ్బాలో దాచిన గింజ ముసలిదై చస్తుంది, మట్టిలో పడ్డదే బతుకుతుందని ఆమె నమ్మకం. అందుకే సంఘంలో నిల్వ ఉండదు. ఏటా కోత పండుగనాడు, అందరూ తొలిపంటను దేవుని ముందు పెట్టే ఆదివారం, ఆరాధన అయ్యాక గింజలు పంచుకుంటారు. ఏ మతంవాళ్ళైనా రావచ్చు. నియమం ఒక్కటే: గిద్దెడు తీసుకున్నవాళ్ళు మరుసటేడు రెండు గిద్దెలు తిరిగివ్వాలి.

ఈ నియమం దగ్గర మరియమ్మ కన్నతల్లినైనా వదిలేది కాదు. సంఘం పెట్టిన నాలుగో ఏడు సూరారం నుంచి దుర్గాబాయి అనే ఆమె వచ్చింది. ఫ్యాక్టరీలో ప్యాకింగు పని, కిరాయి గది. చిన్నప్పుడు తిన్న రుచని పంజా పుంటి గింజలు గిద్దెడు అడిగి తీసుకుపోయింది. మరుసటి కోత పండుగకు గిద్దెడే తెచ్చి, "మరియమ్మక్కా, మిద్దె మీద రంగుబకెట్లల్ల ఏసిన. గింతే అయినయ్" అంది.

మరియమ్మ పొట్లం వెనక్కి నెట్టింది. "బకెట్లల్ల ఏస్తె ఎవుసం అయితదా, సోకు అయితది. రెండు అయిన్నాడు రా పో."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. దుర్గాబాయి పొట్లాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నోరా వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ దెబ్బ వీపు దాకా రావడానికి మాత్రం ఎనిమిదేళ్ళు పట్టింది.

రానురాను పంజా పుంటి అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ముళ్ళు గుచ్చుకుంటాయట, బజారులో నున్నటి పుంటికూర కట్టలు కట్టలుగా దొరుకుతుందట. చివరికి ఆ గింజ మరియమ్మ ఒక్కదాని దగ్గరే నిలిచింది. నిరుడు తొలకరికి వేసిన గింజ వాన మొహం చాటేయడంతో మాడిపోయింది. సొరబుర్రలో ఉన్నదంతా దులిపి రెండోసారి వేసింది. అది బాగా లేచింది. అక్టోబరు నాటికి మనిషెత్తు పెరిగి, కాయలు పట్టి, ఇంకో నెలలో ఎండుతాయనగా వచ్చింది ఉపద్రవం.

గోడ అవతలి విల్లాల వాచ్‌మన్ లింగం ఒక సాయంత్రం ఉరుక్కుంటూ వచ్చాడు. "అక్కా, బాల్కనీల నుంచి ఎవరో నీ చెలక ఫోటో దీసి గ్రూపుల పెట్టిండ్రు. గంజాయి పెంచుతున్నవట! ఆకు అచ్చం గట్లనే ఉన్నదట. రేపు పోలీసోళ్లు వస్తరంటున్నరు."

మరియమ్మ జన్మలో గంజాయి ఆకు చూడలేదు. ఫోనులో లింగం చూపిస్తే చూసింది. నిజమే, అవే వేళ్ళు. ఆమెకు భయమేసింది. తన కోసం కాదు, కూతుర్ని తలుచుకుని. పోలీసులు ఇంటికొచ్చారని తెలిస్తే ఏంజెల్ ఉద్యోగం ఉంటుందా? పొద్దున క్యాబు వస్తుందా? సంజెవెలుగు ఉండగానే చెలకలో దిగి ఒక్కొక్క మొక్కనూ వేళ్ళతో సహా పీకేసింది. ముళ్ళకు అరచేతులు నెత్తురయ్యాయి. ఒక్క కాయ కూడా సాక్ష్యంగా మిగలకూడదని మోపులు కట్టి, లక్ష్మమ్మ బర్రెల ముందు పడేసి వచ్చింది. లక్ష్మమ్మవి ఆరు బర్రెలు. దేన్నీ వద్దనవు.

తెల్లవారి మహేందర్ అనే కానిస్టేబులు ఒక్కడే బండి మీద వచ్చాడు. చెలకలో రాలిన ఆకు ఒకటి తీసి చూశాడు, వాసన చూశాడు, చివరికి నోట్లో వేసుకుని నమిలాడు. "పుల్లగున్నది! పుంటికూర గదా అవ్వా గిది? మా అవ్వ గిట్లాంటి ఆకే పులుసు జేస్తుండె. మంచిగున్న చెట్లు ఎందుకు పీకినవ్?" అని పకపకా నవ్వి, చాయ్ తాగి పోయాడు.

మరియమ్మకు నవ్వు రాలేదు. లక్ష్మమ్మ కొట్టంలోకి పరుగెత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు, ఆమెకు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు. నమిలిన కాడలు తప్ప ఏమీ లేవు. అక్కడే పేడ పక్కన కూలబడి, అత్త పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చింది.

ఏంజెల్ తల్లి గొంతును ఫోనులో రికార్డు చేసి చర్చి గ్రూపులో పెట్టింది. "పంజా పుంటి గింజలు ఎవరి దగ్గరన్న ఉంటే జెర చెప్పుండ్రి. నా తాన ఒక్కటి సుత లేదు." మేడ్చల్ దాకా, కుత్బుల్లాపూర్ దాకా ఆ మాట ఫోను నుంచి ఫోనుకు పాకింది. అయ్యో అన్నవాళ్ళు చాలామంది, ఉన్నాయన్నవాళ్ళు ఒక్కరూ లేరు. సంఘంలో ఎందరిచేతనో రెండేసి గిద్దెలు కొలిపించుకున్న మనిషి, ఖాళీ సొరబుర్రను ఊపి చూస్తూ నెలన్నర గడిపింది.

కోత పండుగ వచ్చింది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, మక్క కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు. మరియమ్మ ఖాళీ సొరబుర్ర ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. పాటలు పాడుతుండగా గుమ్మంలో చెప్పులు విడిచి ఒకామె లోపలికి వచ్చింది. జుట్టు నెరిసింది గాని మరియమ్మ చూడగానే గుర్తుపట్టింది. దుర్గాబాయి నేరుగా వచ్చి పక్కన కూర్చుని, సంచిలోంచి చిన్న నీళ్ళసీసా తీసింది. దాంట్లో బూడిదరంగు గింజలు.

"నీ గొంతు ఫోన్ల ఇన్న. ఇవి నువ్వు ఎనకకు పంపిన గింజలే అక్కా. ఏటా ఏసుకుంట వచ్చిన. మా గల్లీల ఒరిస్సా నుంచి వచ్చినోళ్లు ఉన్నరు, ఆకు జూసి ఇది మా ఊళ్ల కూర అని అడిగితే ఆళ్లకూ ఇచ్చిన. ఇప్పుడు ఆరు మిద్దెల మీద ఉన్నది." ఆగి, గొంతు తగ్గించింది. "కానీ నా బకెట్లల్ల ఇప్పటికీ గిద్దెడే అయితది. తీసుకుంటవా?"

మరియమ్మ ఆ సీసాను రెండు చేతులా అందుకుని వెలుగుకు ఎత్తి చూసింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రావచ్చని పాస్టరు అయ్యగారు అన్నప్పుడు లేచి, దుర్గాబాయి చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.

"ఎనిమిదేండ్ల కింద గీమెను మీ అందరి ముందర తక్కువ జేసి మాట్లాడిన. మీరు నవ్విండ్రు. గందుకే మీ ముందరనే చెప్తున్న. పది గుంటలున్న నేను బర్రెలకేసిన గింజను బకెట్లల్ల గీమె బతికిచ్చింది. దేవునికి స్తోత్రం. దుర్గా, నీ కాళ్లు మొక్కుత" అని వంగబోయింది. దుర్గాబాయి రెండు భుజాలూ పట్టి ఆపింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆరాధన అయ్యాక మరియమ్మ గింజల్ని సొరబుర్రలో పోసుకుని, "గిద్దెడు తీసుకున్న. మల్లేడు రెండు తెచ్చిస్త" అంది.

"అయినకాడికి తే అక్కా" అంది దుర్గాబాయి.

ఆ రోజు నుంచి మరియమ్మ రాత్రి ప్రార్థనలో అత్త పేరు తర్వాత దుర్గాబాయి పేరు, ఆ వెనక పేర్లు సరిగా పలకడం రాని ఆరు మిద్దెలవాళ్ళూ చేరారు. చెలక గోడకు ఏంజెల్ ఒక బోర్డు రాసి కట్టింది: ఇది పుంటికూర, కావాలంటే వచ్చి తిని చూడండి. బాల్కనీ ఇంటివాళ్ళు నిజంగానే వచ్చారు, సిగ్గుపడుతూ రెండు కట్టలు పట్టుకుపోయారు.

ఈ ఏడు పంట విరగకాసింది. కాయలు ఎండే వేళకు మాత్రం నెమళ్ళ గుంపు ఒకటి గోడ దిగి వచ్చింది. మరియమ్మ డబ్బా మోగించింది, తిట్టింది, శాపాలు పెట్టింది. నెమళ్ళు దేనికీ జంకలేదు. మిగిలినవి దులిపి, చెరిగి, చిన్న కొలతగిన్నెలో పోసి చూస్తే సరిగ్గా గిద్దెడు. మళ్ళీ కొలిచింది. గిద్దెడే.

ఆ గింజలు కొంగున ముడేసుకుని, రెండు బస్సులు మారి సూరారం వెళ్ళింది. మోకాళ్ళు పట్టుకుని మూడంతస్తుల మెట్లెక్కేసరికి, బకెట్ల మధ్య దుర్గాబాయి నీళ్ళు పోస్తూ కనిపించింది. మరియమ్మ ముడి విప్పుతూ తల దించుకుంది.

"గింతే అయినయ్ దుర్గా."

దుర్గాబాయి చెంబు కింద పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుని, దోసిలి పట్టింది.