కేబుల్‌కు పెట్టిన పుట్టినరోజు

పాపకు జ్వరంగా ఉన్నా ఆ రోజు కాలేజీకి వెళ్లక తప్పలేదు. మర్నాడు హాల్ టికెట్లు అచ్చు కావాలంటే ఆఫీసు సర్వర్‌లోని ఫీజుల వివరాలు సాయంత్రానికల్లా మా ల్యాబ్ సర్వర్‌కు అందాలి. రెండూ చెరో ప్రోటోకాల్‌లో, అంటే చెరో భాషలో నడిచేవి. అందుకని ఆఫీసు ప్రోటోకాల్‌ను మా సర్వర్‌లో కూడా ఎక్కించాను. రెండు సర్వర్లనూ కలిపే కేబుల్‌కు ఒక నంబరు ఇమ్మని అది అడిగితే, పాపనే తలచుకుంటూ దాని పుట్టిన తేదీ కొట్టాను.

వెంటనే రెండు సర్వర్లూ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టాయి. కేబుల్‌కు రెండు వైపులా ఒకే నంబరు ఉండాలి, ఆఫీసు వైపు అప్పటికే వేరే నంబరు ఉంది.

"మీ వైపు నంబరు మార్చండి," అన్నాను అరుపు విని వచ్చిన ఆఫీసు క్లర్కుతో.

"అమ్మో, అది ప్రిన్సిపాల్ సార్ లక్కీ నంబర్ మేడమ్! సార్ స్కూటర్‌కు సుత గదే. ముట్టుకున్ననంటే నా నౌకరీ ఖతం."

జ్వరంలో ఉన్న బిడ్డ పుట్టినరోజును నా చేత్తో నేనే చెరపాలి. కీబోర్డును పక్కకు జరిపాను.

"ఏందీ మేడమ్, గంత పరేషాన్ అయితున్నరు? నంబరే కద!"

"మీ సార్‌దైతే నంబరు కాదేం?" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. సర్వర్‌కు లోపల తనదంటూ ఇంకో నంబరు ఉంటుంది, అది మరే నంబరుతోనూ ఒకటి కాకూడదు. ముందు పాప తేదీని అక్కడ రాశాను. ఆ తర్వాతే కేబుల్‌కు ప్రిన్సిపాల్ గారి నంబరు ఇచ్చాను. సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే అరుపు ఆగింది, ఫీజుల ఫైళ్లు తెర మీదికొచ్చాయి.

మెట్టుగూడలోని మా ఇంటికి ఫోన్ చేశాను.

"ఒళ్లింకా కాలిపోతోందమ్మా, బేగి వచ్చీ," అన్నారు అత్తయ్య.

రాత్రికి పాప తేదీ ఉన్న ల్యాబ్ సర్వర్‌ను మాత్రం ఆపొద్దని క్లర్కుకు మరీ మరీ చెప్పి, బస్సు కోసం పరుగెత్తాను.