తివాచీ కోసింది మా మేస్త్రి కాదు

"తివాచీ కోసినాయప్ప పోయినాడంట."

మా మేస్త్రి చనిపోయిన కబురు నాకు ఈ మాటల్లో అందింది. పోయిన మంగళవారం పొద్దున కంటోన్మెంట్‌లో టీ అంగడి దగ్గర ఒకాయన ఇంకొకాయనతో అంటుంటే విన్నాను. అన్నాయనకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. తివాచీ కోసిన మనిషి అని ఊరంతా పిలిచే ఆ పేరే పలికాడు. తివాచీ కుదించుకుపోకుండా కడగడం ఎట్లాగో ఈ బళ్లారిలో బాగా తెలిసిన మనిషి మా మేస్త్రి ఒక్కడే. అట్లాంటి వాడికి చచ్చిన రోజున కూడా దొంగ పేరే మిగిలింది. పదేళ్లుగా నేను దిగమింగుతున్నది ఇదే. గ్లాసు అక్కడే పెట్టేసి ఆయన ఇంటికి నడిచాను.

నేను రాసేవాణ్ని కాను. మూడో తరగతితో బడి మానేశాను. ఈ పత్రికవాళ్లు వేస్తామన్నారు కాబట్టి రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దమన్నాను. సంగతి మాత్రం దిద్దవద్దన్నాను.

మేస్త్రి నాకంటే ఆరేళ్లు చిన్న. అయినా పనిలో ఆయన మేస్త్రి, నేను కూలీని. పత్తి ప్రెస్సులో బేళ్లు మోసే పని పోయాక నలభై ఏళ్ల వయసులో ఆయన దగ్గరికి వచ్చాను. తివాచీ చుట్టి భుజాన వేసుకోవడానికి బలమైన మనిషి కావాలన్నాడు. నాకు ఉన్నదే అది. ఆయన నన్ను అన్నా అనేవాడు, నేను ఆయన్ని మేస్త్రీ అనేవాణ్ని. చిన్నవాడి కింద పని చేయడం నాకు మొదట్లో గిట్టలేదు. ఆ సంగతి దాచను.

మొదటి రోజే బకెట్టు ఎత్తి తివాచీ మీద గుమ్మరించబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "దాని దప్పి తీర్చాకు అన్నా. మొహం కడుగు, చాలు" అన్నాడు. తివాచీ గురించి ఎవరైనా మనిషి గురించినట్టు మాట్లాడతారా అని నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది. పైన కనపడే పూలు, తీగలు అన్నీ ఉన్ని. కింద కనపడకుండా మోసేది నూలు పడుగు, నిలువు దారాలు. పైన ఉన్ని ఎంత తడిసినా, నిదానంగా ఆరితే సర్దుకుంటుంది. నూలు గొంతు దాకా నీళ్లు తాగితే బిగుసుకుని, ఉన్నిని కూడా లోపలికి లాక్కుంటుంది. ఒకసారి లాక్కుందంటే మళ్లీ వదలదు.

అందుకని ఆయన పనిలో నీళ్లు తక్కువ, చూపు ఎక్కువ. తివాచీ రాగానే తిరగేసి పరిచేవాడు. పొడవుకు ఒక తాడు, వెడల్పుకు ఒక తాడు కొలిచి ముడి వేసేవాడు. ఒక మూల అరచేతి మేర తడిపి, అరగంట ఊరికే కూర్చునేవాడు. ఆ మూల ముడుచుకుంటే ఆ తివాచీకి నీళ్లు చూపించేవాడు కాదు. వెనకవైపు బెత్తంతో కొట్టి దుమ్ము రాల్చి, పొడిబట్టతో తుడిచి పంపేసేవాడు. ఒక డాక్టరుగారు కడగనే కడగలేదని కోపం చేస్తే, దీన్ని కడిగితే మీకు తివాచీ ఉండదు, నాకు పేరు ఉండదు అని తిప్పి పంపాడు. నీళ్లకు తట్టుకునేదైతే కుంకుడు రసం గిలకొట్టి, ఆ నురగ మాత్రమే తీసి పూసేవాడు. కింద మిగిలిన నీళ్లు పారబోసేవాడు. వేడినీళ్లు మా పనిలోకి రానేకూడదు.

అసలు పని కడిగాకనే. పాత బంగళా వరండాలో, ఎండ తగలకుండా, తివాచీని పరిచి చుట్టూ జానెడుకొక గూటం కొట్టి, ముడి వేసిన తాడు కొలతకు సరిగ్గా లాగి కట్టేవాళ్లం. గంటకోసారి లేచి తాడు పట్టి చూసేవాడు. ఎక్కడైనా వేలెడు తగ్గితే ఆ గూటం దగ్గర మళ్లీ లాగాలి. "తడిగా ఉన్నంతసేపే మన మాట వింటాది" అనేవాడు. ఆరిందో లేదో చేత్తో చూసేవాడు కాదు. మోకాళ్ల మీద వంగి, వెనకవైపు చెంప ఆనించేవాడు. చేతులు పనిచేసి చేసి మొద్దుబారాయి, చెంప ఇంకా అబద్ధం చెప్పదు అనేవాడు.

ఇంట్లో కూడా ఇదే ధోరణి. ఉతికిన పంచె దండెం మీద వేసి నాలుగు మూలలూ లాగి, దూరంగా నిలబడి చూసేవాడు. ఆయన భార్య, నాకు చెల్లెలి వరస, ఒకసారి నా ముందే అనేసింది. "ఈయప్పకు నా చీర ఇచ్చినా గూటాలు కొడ్తాడన్నా. నేనే కొంచెం కుదించుకుపోతే బాగుండు, నన్నూ కొలుస్తాడు." ఆయన నవ్వలేదు. తాడు తెమ్మంటావా అన్నాడు.

ఇప్పుడు ఆ సంగతి రాస్తాను.

ఊళ్లో వ్యాపారస్తుల సభాభవనం ఒకటి ఉంది. దాని పేరు ఎందుకు. అక్కడ వేదిక మీద పరిచే పెద్ద తివాచీ పదహారు మూరల పొడవు. పొడవునా పంతొమ్మిది ఎర్ర పూలు. ఏటా యుగాదికి ముందు మేమే కడిగేవాళ్లం. జిల్లా మైసూరులో కలిశాక ఆ భవనానికి ధారవాడ వైపు నుంచి మేనేజరు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. బంట్రోతు ఎమ్మిగనూరు వైపు తెలుగువాడు. మన అందరిలాగే సగం కన్నడం, సగం తెలుగు వినే మనిషి.

ఆ ఏడు మేనేజరు బంట్రోతుకు తివాచీ అప్పగించి, "హబ్బా నెనెసి కొట్టు బా" అన్నాడు. పండగ గుర్తు పెట్టుకుని, తివాచీ మాకు ఇచ్చి రా అని ఆయన అర్థం. కన్నడంలో నెనెసి అంటే తలచుకుని అనీ అవుతుంది, నానబెట్టి అనీ అవుతుంది. కొట్టు అంటే వాళ్లకు ఇచ్చి, మనకు కొట్టడం. బంట్రోతుకు వినపడింది ఏమంటే, పండగ వస్తోంది, నానబెట్టి కొట్టు, రా అని. ఈ ఏడు కడిగే పని తనకే చెప్పారనుకున్నాడు. తివాచీని తీసుకుపోయి భవనం వెనకాల నీళ్ల తొట్టిలో ఒక పగలంతా ముంచాడు. రాతి మీద వేసి కర్రతో బాదాడు. మిద్దె మీద మండుటెండలో, గూటం లేదు తాడు లేదు, విడిగా పరిచేశాడు.

మూడో రోజు దాన్ని చుట్టుకుని మా వరండాకు వచ్చాడు. మేస్త్రి పరిచి, పోయినేడు ముడి వేసి దాచిన తాడు పట్టాడు. పొడవున మూర తక్కువ, వెడల్పున జాన తక్కువ. అంచులు అలలు తిరిగి ఉన్నాయి. ఏం చేశావని అడిగితే బంట్రోతు మేనేజరు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. మేస్త్రి ముందు నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. తర్వాత కూర్చుండిపోయాడు.

"రెండు భాషలూ మనవే అనుకుంటిమి గదన్నా" అన్నాడు నాతో.

బంట్రోతు ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "నాకు నలుగురు పిల్లోళ్లు ఉండారు మేస్త్రీ. ఈ పని పోతే యాడికి పోవల్ల? నేను తడిపినానని చెప్పాకు సామీ."

మేస్త్రి చెప్పనన్నాడు. అంతటితో ఆగలేదు. నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, "నేనుండేదాకా నువ్వూ చెప్పాకు అన్నా" అని నా చేత ఒట్టు వేయించాడు. నేను వేయకుండా ఉండాల్సింది. వేశాను.

నాలుగు రోజులు ఆ తివాచీతో పోరాడాం. మెల్లగా తడి చూపించి, గూటాలు కొట్టి, ఇద్దరం చెరోవైపు లాగాం. రెండు వేళ్ల మేర వచ్చింది. ఇంకా లాగితే పడుగు తెగుతుందని ఆయనే వదిలేశాడు. పండగ ముందు రోజు తీసుకుపోయి వేదిక మీద పరిస్తే ఒక కొసన నేల కనపడింది. మేనేజరు ఆ నేల వంక చూశాడు, మా వంక చూశాడు. కొస కోసుకుని అమ్ముకున్నారు అన్నాడు, నలుగురు పెద్దమనుషుల ముందు. అంచు చెక్కుచెదరకుండా ఉంది గదా అని నేనంటే, మళ్లీ అల్లారు, పనివాళ్లకు అదెంత పని అన్నాడు. పూలు లెక్కపెట్టండి, పంతొమ్మిదిలో ఒకటి తగ్గినా నన్ను జైల్లో వేయండి అన్నాను. నేనే నడుస్తూ లెక్కపెట్టాను. పంతొమ్మిదీ ఉన్నాయి. మూడు తడవలు అరిచాను. ఎవరూ వంగి చూడలేదు. పూలు లెక్కపెట్టడానికి వాళ్లు రాలేదు.

మేస్త్రి ఒక్క మాట అన్నాడు. "మా చేతిలో కురచయింది. కోసింది లేదు." బంట్రోతు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వైపు మేస్త్రి తల తిప్పి కూడా చూడలేదు.

ఆ తర్వాత ఒక్క తివాచీ మా వరండాకు రాలేదు. బజారులో పేరు పడింది. కొళాయి దగ్గర చెల్లెమ్మను తివాచీ కోసినాయప్ప పెండ్లాం అని పిలిచేవాళ్లు. ఆమె బిందె పట్టుకుని వేరే వీధికి పోయేది. మేస్త్రి గోనెసంచులు కుట్టే పనికి కుదిరాడు. నేనూ కుదిరాను. సంచి కుట్టేటప్పుడు కూడా అంచు లాగి చూసేవాడు. అక్కడ ఎవరికి కావాలి ఆ కొలత.

రెండేళ్లకు సభాభవనం వేదిక తిరగ్గట్టారు. తివాచీ కొత్త వేదికకు సరిపోలేదని దాన్ని పొడవునా నరికి, మెట్ల మీదికి రెండు పట్టీలు చేసుకున్నారు. పూలు నడిమికి తెగిపోయాయి. ఇక లెక్కపెట్టడానికి కూడా ఏమీ లేదు. తివాచీ నిజంగా కోసింది వాళ్లు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మేనేజరు తన ఊరికి వెళ్లి అక్కడే పోయాడని విన్నాను.

చివరి నెల మేస్త్రి దగ్గుతో మంచం పట్టాడు. సోమవారం సాయంత్రం చూడ్డానికి వెళ్లాను. మాట లేదు. కప్పిన దుప్పటి మూల రెండు వేళ్లతో పట్టుకుని లాగుతున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ లాగుతున్నాడు. చెల్లెమ్మ చెయ్యి తీసి పక్కన పెడితే మళ్లీ అదే. నేను అవతలి మూల పట్టుకుని లాగాను. అప్పుడు ఆయన చెయ్యి ఆగింది. తెల్లారేసరికి పోయాడు. పాడె వెనక పదకొండు మంది నడిచాం. బంట్రోతు రాలేదు.

ఇంతదాకా ఇది చదివినవాళ్లు, చెప్పవద్దన్న మనిషి మాట ఎందుకు దాటావని నన్ను అడగవచ్చు. ఆయన ఉండేదాకా అన్నాడు. ఇప్పుడు లేడు. ఉంటే నన్ను తిట్టేవాడని నాకు తెలుసు. తిట్టడానికైనా ఉంటే బాగుండేది.

ఇక ఇది ఒక్కడికి. నువ్వు పింఛను తీసుకుని కుడతినిలో అల్లుడింట్లో ఉంటున్నావు. నీ పని ఇప్పుడు ఎవరూ తీసేయలేరు. నీ పిల్లలు నలుగురూ పెళ్లిళ్లు చేసుకున్నారు. మా మేస్త్రి నీకోసం నోరు మూసుకున్నాడు కాబట్టే వాళ్లు తిని పెరిగారు. పదేళ్లలో ఒక్కసారి, ఒక్క మనిషికి, ఆ తివాచీ తడిపింది నేనని చెప్పావా? చెప్పి ఉంటే నాకు తెలిసేది. నీ పేరు ఇందులో రాయలేదు. ఆయన మీది గౌరవంతో రాయలేదు, నీ మీది జాలితో కాదు.

నువ్వు వస్తావని నాకు నమ్మకం లేదు. వచ్చి చెప్పినా ఈ ఊరు ఆ పేరు మానుతుందన్న నమ్మకం అంతకన్నా లేదు. కొళాయి దగ్గర అనేవాళ్లలో సగం మందికి ఆ తివాచీ ఏదో కూడా తెలియదు. అయినా చెల్లెమ్మ ఒక్కతి ఉంది. ఆమె వినాలి. నీ నోటితో వినాలి.

పెద్దల అమావాస్య రోజు పొద్దున తొమ్మిదికి ఆమెను తీసుకొచ్చి సభాభవనం మెట్ల మీద కూర్చోబెడతాను. నేనూ పక్కనే ఉంటాను. కుడతిని బస్సు ఎదురుగానే ఆగుతుంది. పదకొండింటి బస్సు చూస్తాం, ఒంటిగంట బస్సు చూస్తాం, మూడింటి బస్సు కూడా చూస్తాం. మూడింటి బస్సులో నువ్వు దిగకపోతే ఈ పత్రికలోనే నీ పేరు రాస్తాను. దిగుతావా, దిగవా?